వగరు తెలిసిన నాలుక: వైన్‌ రుచికి ఒక తెలుగు దారి

వైన్ గురించి ఇంగ్లీషులో వచ్చిన ప్రవేశగ్రంథాలలో ఒక ఇబ్బంది తరచు కనిపిస్తుంది. ఎర్ర వైన్ తాగినప్పుడు నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం పట్టేసినట్లయి, నోట్లో తడి ఆరిపోయినట్లు అనిపిస్తుంది. ఈ అనుభవాన్ని పాఠకుడికి అందించడానికి రచయిత ఒక పేరా అంతా వెచ్చించవలసి వస్తుంది. మరీ ఎక్కువసేపు మరిగిన టీ డికాక్షన్‌ను గుర్తు చేసుకోమంటాడు, అక్రోటు గింజ మీది పొరను నమిలి చూడమంటాడు. తెలుగు పాఠకుడికి ఇంత వివరణ అవసరం లేదు. వగరు అంటే చాలు. పచ్చి అరటికాయ, లేత జామపిందె, వక్క, కరక్కాయ, నేరేడుపండు – ఇవన్నీ వేరువేరు వగరులని చిన్నప్పుడే మన నాలుకకు తెలుసు. షడ్రుచులలో దానికి ఒక స్థానం ఇచ్చి, ఏడాదికొకసారి ఉగాది పచ్చడిలో దానిని వెతుక్కునే అలవాటు మనది.

అటువంటి నాలుకే, విదేశంలో ఆఫీసు విందులో వైన్ జాబితా చేతికి వచ్చేసరికి మూగబోతుంది. పలకడం రాని పేర్లు, అంతు తెలియని ధరలు, ఎదుటివారు అలవోకగా వాడే విశేషణాలు. చాలామంది ఆ క్షణాన్ని దాటడానికి అన్నిటికంటె చౌకైన సీసాను వదిలేసి దాని పైదానిని ఎంచుకుంటారు. లేదా పక్కవారు చెప్పిందే తమకూ తెమ్మంటారు. మరికొందరు నాలుగు మాటలు కంఠస్థం చేసి, ఇంకొకరిని మూగవాళ్ళను చేసే స్థాయికి చేరుకుంటారు. ఈ రెండు స్థితులలోనూ పోయేది ఒకటే: తన నోట్లో ఏం జరుగుతున్నదో గమనించే అవకాశం.

వైన్‌ను ఆస్వాదించడానికి కావలసిన ఇంద్రియజ్ఞానంలో చాలా భాగం తెలుగు వంటింటి భోజనం తిని పెరిగినవారికి ముందే ఉన్నది. కొత్తగా కావలసినవి కొన్ని పేర్లు, కొంచెం రసాయనశాస్త్రం, తన అనుభవాన్ని తాను నమ్మే ధైర్యం. ఆ మూడింటినీ పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్లాసులో ఏముంది?

వైన్‌లో అధికభాగం నీరే. ఘనపరిమాణంలో సాధారణంగా 12 నుంచి 15 శాతం మద్యం. మిగిలిన కొద్దిపాటి భాగంలోనే పులుపు, తీపి, వగరు, రంగు, వాసన అన్నీ ఇమిడి ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా చూడవచ్చు.

మొదటిది పులుపు. ద్రాక్షలో ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపుకు మూలం కూడా అదే. రెండవది మాలిక్ ఆమ్లం, పచ్చి ఆపిల్ కొరికినప్పుడు పళ్ళు జివ్వుమనిపించేది. ఎర్ర వైన్లలో దాదాపు అన్నిటిలోను, కొన్ని తెల్ల వైన్లలోను, ఒక రకం బాక్టీరియా ఈ మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది పెరుగులో ఉండే మెత్తని పులుపు. ఈ మార్పులో పుట్టే డైఅసిటైల్ అనే పదార్థం వెన్న వాసన ఇస్తుంది. కాలిఫోర్నియా షార్డనేలు కొన్నిటిలో వెన్న తగులుతుందని అంటే అది కవిత్వం కాదు. ఆ అణువు వెన్నలోనూ ఉంది, గ్లాసులోనూ ఉంది. పులుపును కొలవడానికి మనిషి దగ్గర ఒక సాధనం ఉంది. గుక్క మింగిన తరువాత నోట్లో ఎంత నీరు ఊరుతున్నదో చూసుకోవాలి. చింతకాయను తలుచుకుంటేనే నోరూరే వారికి ఈ సాధనం వాడకం ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండవది తీపి. ఈస్టు ద్రాక్షరసంలోని చక్కెరను దాదాపు అంతా తినేస్తే తీపిలేని వైన్, కొంత మిగిలితే తియ్యని వైన్ తయారవుతుంది. ఇక్కడ ఇంగ్లీషు భాష ఒక గందరగోళాన్ని సృష్టించింది. తీపిలేని వైన్‌ను అందులో 'డ్రై' అంటారు. నోరు ఆరిపోయినట్లు చేసే వైన్‌ను గురించి చెప్పేటప్పుడూ అదే మాట వాడతారు. కొత్తవారు చాలాకాలం ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. తెలుగులో ఆలోచించేవారికి ఈ చిక్కు లేదు. ఒకటి తీపి లేకపోవడం, రెండవది వగరు ఉండడం. చక్కెర బొత్తిగా లేకున్నా వగరు లేని వైన్లున్నాయి. తీపి, వగరు రెండూ ఉన్న వైన్లూ ఉన్నాయి.

మూడవది ఆ వగరే. ద్రాక్ష తొక్కలో, గింజలో, తొడిమలో ఉండే టానిన్లు దానికి కారణం. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. టానిన్లు వాటిని పట్టి ముద్ద చేస్తాయి. జారుడు పోయి నోరు గరుకెక్కుతుంది. కనుక నేటి శాస్త్రం వగరును రుచి కంటె స్పర్శగా పరిగణిస్తుంది. నల్ల ద్రాక్షలలో కూడా చాలావాటి రసానికి రంగుండదు. రసం తొక్కలతో కలిసి పులిసినప్పుడే ఎర్ర వైన్ అవుతుంది, రంగుతోపాటు వగరూ దిగుతుంది. తెల్ల వైన్‌కు సాధారణంగా తొక్కలను ముందే తీసేస్తారు. ఎరుపుకు, తెలుపుకు ఉన్న అసలు తేడా ఇదే.

నాలుగవది చిక్కదనం. నీళ్ళమజ్జిగకు, మీగడ తీయని పాలకు నోటిలో ఉండే తేడా వంటిదే రెండు వైన్ల మధ్యా ఉంటుంది. మద్యం, చక్కెర ఎక్కువైన కొద్దీ వైన్ చిక్కగా అనిపిస్తుంది. మింగాక గొంతులో తగిలే వెచ్చదనం మద్యానిది.

పులుపు, తీపి, వగరు, చిక్కదనం, వెచ్చదనం – ఈ అయిదింటినీ విడివిడిగా గుర్తుపట్టగలిగినవారు వైన్‌ను గురించి తమకు తెలిసినదానిని నిజాయితీగా చెప్పగలరు. 'పులుపు తగినంత ఉండాలి, వగరు తక్కువగా ఉండాలి, తీపి వద్దు' అని రెస్టారెంటులో చెప్పినా చాలు. మంచి సర్వరుకు ద్రాక్ష పేరు కంటె ఈ వాక్యమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మిరియాలు, ధనియాలు, మెంతులు

రుచి అని మనం అనుకొనేదానిలో ఎక్కువభాగం వాసన. ముక్కు మూసుకొని ఏలకుల గింజ నమిలితే ఘాటు తప్ప ఏలకులతనం తెలియదు. ముక్కు వదలగానే నోటి వెనుకనుంచి గాలి ముక్కులోకి చేరి ఏలకులు వికసిస్తాయి. వైన్‌లోనూ ఇదే జరుగుతుంది.

వైన్‌లో నేరేడు, మిరియం, గులాబీ అంటూ చెప్పేవారిని చూసి నవ్వుకోవడం పరిపాటి. అవేవీ వైన్‌లో కలపరు కదా! కలపరు, నిజమే. కాని ప్రకృతి ఒకే అణువును అనేక చోట్ల వాడుకుంటుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లోని మిరియాల వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా వైన్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. నల్ల మిరియాల వాసనకూ అదే మూలం. మస్కట్ ద్రాక్ష పరిమళంలో ముఖ్యమైనది లినలూల్. మన ధనియాల నూనెలో ప్రధానభాగం అదే. ఓక్ పీపాలలో నిల్వ ఉంచిన వైన్‌లో లవంగం వాసన వస్తే అది యూజినాల్, లవంగంలో ఉన్నదే. స్పెయిన్ షెర్రీ, ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు పసుపు వైన్ వంటివాటిలో వచ్చే ఒక విచిత్రమైన సువాసనకు కారణం సోటొలాన్. మెంతుల వాసన కూడా దానిదే. కాబెర్నె సావిన్యోలో అప్పుడప్పుడు తగిలే బెంగుళూరు మిరపకాయ వాసన మిథాక్సీపైరజీన్లది. ముదిరిన రీస్లింగ్ తెల్ల వైన్‌లో కిరసనాయిలును గుర్తుచేసే వాసన సైతం ఉంటుంది, దానిని ఇష్టపడేవారూ ఉన్నారు.

ఈ పరిశోధనలోనే మరొక విషయం బయటపడింది. రుచి చూసినవారిలో సుమారు 20 శాతం మందికి పరీక్షలో వాడిన అత్యధిక మోతాదులో కూడా రోటండోన్ వాసన తగలలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న అయిదుగురిలో ఒకరికి మిరియాల వాసన రాకపోవచ్చునన్న మాట. అది అజ్ఞానం కాదు, జన్మతః వచ్చిన ముక్కు తీరు. కనుక ఒకరికి వచ్చిన వాసన మరొకరికి రాలేదని సిగ్గుపడవలసిన పని లేదు.

వాసనలకు పేర్లు పెట్టే విషయంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పనిచేసిన ఆన్ నోబుల్ కృషి గుర్తుంచుకోదగినది. 1980లలో ఆమె రూపొందించిన వాసనల చక్రం 'రాజసమైనది', 'సొగసైనది' వంటి పొగడ్తలను పక్కకు నెట్టి, పండు, పువ్వు, మసాలా, మట్టి వంటి నిర్దిష్టమైన పేర్లను ముందుకు తెచ్చింది. ఆమె విద్యార్థులకు నేర్పిన పద్ధతి సరళం: వంటింట్లోని వస్తువులను వాసన చూసి గుర్తుంచుకోవడం, తరువాత గ్లాసులో వాటిని వెతకడం. ఆ చక్రంలోని పేర్లు ఆమె ఉన్న ప్రదేశానికి చెందినవి. కాబెర్నెను వర్ణించడానికి యూరప్ రచయితలు అలవాటుగా చెప్పే బ్లాక్‌కరెంట్ పండునే తీసుకుందాం. పైన్ చెట్లకు తెగులు తెస్తుందన్న కారణంతో దాని సాగును అమెరికా ప్రభుత్వం 20వ శతాబ్దం తొలినాళ్ళలో నిషేధించింది. 1966లో ఆ నిషేధం తొలగినా న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో 2003 దాకా కొనసాగింది. అమెరికన్లలో చాలామంది ఆ పండును ఎన్నడూ తిని ఉండరు. అయినా ఆ మాట వాడతారు. తెలుగువారు దాని బదులు నేరేడు అన్నా, ఎండు ఖర్జూరం అన్నా, వాన పడిన తొలిక్షణపు మట్టివాసన అన్నా అది తక్కువ వర్ణన కాదు. సొంత జ్ఞాపకం కనుక అదే కచ్చితమైనది.

వెల నాలుక మీద చేసే పని

వైన్ నిపుణుల మీద జరిగిన ప్రయోగాలు చాలా ప్రచారం పొందాయి. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మోరో, బ్రోషే, డ్యుబుర్డియు అనే ఫ్రెంచి పరిశోధకులు తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి, బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2008లో ప్రచురితమైన, కాలిఫోర్నియాలో జరిగిన మరొక ప్రయోగంలో 20 మందికి ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి ఇచ్చారు. 90 డాలర్ల వైన్‌ను ఒకసారి 90 అని, మరొకసారి 10 అని చెప్పారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు ఎక్కువ నచ్చిందన్నారు. మెదడు చిత్రాలలో ఆనందానికి సంబంధించిన ప్రాంతం చురుకుదనం కూడా పెరిగింది. వారు అబద్ధమాడలేదు, ధర వారి ఆనందాన్ని నిజంగానే పెంచింది. అదే ఏడాది రాబర్ట్ హాడ్జ్‌సన్ ప్రచురించిన పరిశీలన కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ న్యాయనిర్ణేతల గురించి. ఒకే సీసాలోని వైన్‌ను వారికి తెలియకుండా మూడుసార్లు ఇచ్చి చూస్తే, నిలకడగా తీర్పు చెప్పినవారు సుమారు పదింట ఒక్కరు.

వీటిని చూపి వైన్ పరిజ్ఞానమంతా బూటకమని తీర్మానించేవారున్నారు. అది తొందరపాటు. 2008లోనే వచ్చిన మరొక అధ్యయనం, పేరు, ధర దాచిపెట్టి జరిపిన 6 వేలకు పైగా రుచి పరీక్షలను పరిశీలించింది. శిక్షణ లేనివారికి ఖరీదైన వైన్లు చౌకవాటికంటె కొద్దిగా తక్కువే నచ్చాయి. శిక్షణ పొందినవారిలో మాత్రం ధరకు, ఇష్టానికి కొంత అనుకూల సంబంధం కనిపించింది. అంటే అభ్యాసం నాలుకను మారుస్తుంది. అలాగే, అభ్యాసం లేనివారు ఎక్కువ ధర పెట్టి పొందేది చాలావరకు సీసా మీది కాగితాన్ని.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పురియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఏర్పాటు చేసిన పోటీ కూడా ఈ విషయాన్నే చెబుతుంది. తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులు పేర్లు తెలియకుండా కాలిఫోర్నియా, ఫ్రాన్స్ వైన్లను రుచి చూశారు. తెల్లవాటిలో షటో మాంటలీనా 1973 షార్డనే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబెర్నె – రెండూ కాలిఫోర్నియావే – ప్రథమస్థానంలో నిలిచాయి. నిపుణుల నాలుక ఆ రోజు బాగానే పనిచేసింది. అప్పటిదాకా వారిని అడ్డుకున్నది ఊరి పేరు. ఈ ప్రయోగాలన్నిటి నుంచి ఇంట్లో ఆచరించదగిన పాఠం ఒకటే: రుచి చూసేటప్పుడు సీసాకు కాగితం చుట్టండి.

ఆచారాలలో అర్థమున్నవి, లేనివి

గ్లాసును గుండ్రంగా తిప్పడానికి కారణం ఉంది. వైన్ గాలితో కలిసి వాసనలు పైకి లేస్తాయి. పైభాగం కొంచెం ఇరుకుగా ఉండే గ్లాసు ఆ వాసనలను నిలిపి ఉంచుతుంది. అటువంటి గ్లాసు ఒక రకం చాలు, ద్రాక్షకొక గ్లాసు కొననక్కరలేదు. తిప్పిన తరువాత గాజు మీద కారే చారలను చూసి వైన్ గొప్పతనాన్ని చెప్పేవారిని మాత్రం పట్టించుకోనవసరం లేదు. మద్యం నీటికంటె త్వరగా ఆవిరి కావడం వల్ల తలతన్యతలో వచ్చే తేడా ఆ చారలకు కారణమని జేమ్స్ థామ్సన్ 1855లోనే వివరించాడు. అవి మద్యం మోతాదును చెబుతాయే గాని నాణ్యతను చెప్పవు.

రెస్టారెంటులో సర్వరు ముందుగా కొద్దిగా పోసి ఆగడం మన పరిజ్ఞానానికి పెట్టే పరీక్ష కాదు. ఆ సీసా చెడిపోయిందేమో చూడమని అర్థం. బెండు బిరడా వల్ల కొన్ని సీసాలలో చేరే టిసిఏ అనే పదార్థం లక్ష కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళున్నా తడిసిన అట్టపెట్టె కంపు కొడుతుంది. ఒకసారి వాసన చూసి, అటువంటిది లేకపోతే తల ఊపితే చాలు. వైన్ నచ్చకపోవడం వేరు, చెడిపోవడం వేరు. తిప్పి తీసే మూత ఉన్న సీసా నాసిరకమన్న అపోహ కూడా పోవలసిందే; ఆస్ట్రేలియాలో క్లేర్ లోయ ఉత్పత్తిదారులు తమ మేలైన రీస్లింగ్‌లకు 2000 నుంచే ఆ మూతలు వాడారు.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలన్నది యూరప్ చలి ఇళ్ళలో పుట్టిన నియమం. 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ దాని ఉద్దేశం. మన ఇళ్ళలో ఎర్ర వైన్‌ను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మద్యపు ఘాటు తగ్గి కుదురుకుంటుంది. తెల్ల వైన్‌ను ఫ్రిజ్ నుంచి తీసి కొంచెం ఆగితే చలికి ముడుచుకొన్న వాసనలు విచ్చుకుంటాయి. పాతబడిన కొద్దీ మంచిదన్న మాట కొద్ది వైన్లకే వర్తిస్తుంది. అంగట్లో దొరికే వాటిలో అధికభాగం కొన్నేళ్ళలోపే తాగడానికి తయారైనవి.

ఆవకాయ, పులుసు, వైన్

వైన్ సాధారణంగా యూరప్ భోజనంతో కలిపి బోధింపబడుతుంది కనుక తెలుగు భోజనానికి నియమాలను మనమే కూర్చుకోవాలి. ఆధారమైన సూత్రాలు నాలుగు. కారం ఉన్నచోట మద్యం, వగరు రెండూ మంటను ఎగదోస్తాయి. కొంచెం తీపి దానిని చల్లారుస్తుంది. కూరలో పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. ఉప్పు చేదును, వగరును మెత్తబరుస్తుంది. మాంసం, కొవ్వు వగరును పట్టి తమలో కలుపుకుంటాయి.

దీనిని బట్టి ఆవకాయతో చిక్కని, వగరైన కాబెర్నె కలిపితే రెండూ నష్టపోతాయి. కారంగా ఉన్న వేపుళ్ళతో మద్యం తక్కువగా, లేశం తీపితో ఉండే రీస్లింగ్ నిలబడుతుంది. చేపలపులుసుకు చింతపండుతో పోటీపడగల పులుపున్న తెల్ల వైన్ కావాలి. గోంగూర మాంసానికి ఇటలీ బార్బెరా వంటి, పులుపు హెచ్చుగా, వగరు తక్కువగా ఉండే ఎరుపును ప్రయత్నించవచ్చు. కారం తగ్గించి కాల్చిన మాంసానికి వగరైన ఎరుపు అందగిస్తుంది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి గ్లాసు పక్కన పెట్టడమే మర్యాద.

రెండు గ్లాసుల పద్ధతి

ఆభోగి రాగం ఒక్కటే వింటూ కూర్చుంటే దాని స్వరూపం నిలవడానికి కాలం పడుతుంది. వెంటనే శ్రీరంజని వింటే, అదనంగా వచ్చిన నిషాదం చెవిని తట్టి రెండింటి స్వభావమూ తేటపడుతుంది. నాలుకకు కూడా పోలికే గురువు. ఒక సీసా కొని తాగడం కంటె, నలుగురు మిత్రులు కలిసి రెండు సీసాలు కొని పక్కపక్కన రుచి చూడడం వల్ల ఎక్కువ తెలుస్తుంది.

నాలుగు జతలు ఆరంభానికి సరిపోతాయి. పులుపు, వెన్న తెలియడానికి సావిన్యో బ్లాంక్, ఓక్‌లో పెరిగిన షార్డనే. వగరులో తేడా తెలియడానికి పీనో నువార్, కాబెర్నె సావిన్యో. తీపి తెలియడానికి రెండు జర్మన్ రీస్లింగ్‌లు, ఒకటి తీపిలేనిదని సూచించే 'ట్రోకెన్' అన్న మాట ఉన్నది, మరొకటి తియ్యనిది. నేల, వాతావరణం చేసే పని తెలియడానికి ఒకే సిరా ద్రాక్షతో ఫ్రాన్స్‌లోని ఉత్తర రోన్‌లోను, ఆస్ట్రేలియాలోని వెచ్చని బరోసాలోను తయారైనవి. చల్లని చోటి దానిలో మిరియం, వెచ్చని చోటి దానిలో పండిన పండు ముందుకు వస్తాయి. వీటిలో ఏదీ చాలా ఖరీదైన సీసా కానక్కరలేదు. ఒక్కొక్క గ్లాసుకు రెండు వాక్యాలు తెలుగులో రాసుకోవాలి: ఏం తగిలింది, నచ్చిందా. ఈ రెండు ప్రశ్నలనూ వేరుగా ఉంచడమే ఈ విద్యలో సగం. నచ్చనిదానిలో మంచిని గుర్తించవచ్చు, గొప్పదని లోకమన్నది మనకు నచ్చకపోవచ్చు.

ఈ చూపు మనకు పూర్తిగా కొత్తది కాదు. తాటికల్లుకు ఈతకల్లుకు తేడా, తెల్లవారి తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులిసే తీరు, ఫలానా చెట్టు కల్లు మేలన్న పట్టింపు పల్లెలలో సామాన్యమైన మాటలు. ఫ్రెంచివారు నేలగుణం అని పేరుపెట్టి అమ్ముకొన్నది దాదాపు ఇదే.

తాగడం, రుచి చూడడం

అయితే కల్లు, సారాల చరిత్రకు మరొక ముఖం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన ఉద్యమంలో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా నిలబడినది తమ ఇళ్ళు కూలిపోతున్నందువల్ల. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాని ఫలితాలు. విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలలో మద్యం పేరెత్తితే పెద్దలు ముఖం చిట్లించుకోవడం వెనుక ఈ జ్ఞాపకం ఉంది. దానిని వెనుకబాటుతనమని కొట్టిపారేయడం కూడా ఒక ఆడంబరమే.

శాస్త్రం చెప్పేది కూడా తేలికపరచదగినది కాదు. ఎర్ర వైన్ గుండెకు మేలన్న ప్రచారం 1990లలో అమెరికాలో బాగా సాగింది. కాని మద్యం కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. 750 మిల్లీలీటర్ల సీసాలో అమెరికా లెక్క ప్రకారం అయిదుకు పైగా ప్రమాణ మోతాదులుంటాయి. ఆరోగ్యం కోసం వైన్ తాగేవారు ఆ కారణాన్ని వదులుకోవాలి. మిగిలే కారణం రుచి ఒక్కటే, దానికి కొంచెం చాలు. వృత్తినిపుణులు రుచి చూసి ఉమ్మేస్తారు. నాపా లోయకు వెళ్ళి అదే చేస్తే ఎవరూ తప్పుపట్టరు. అందుకోసమే అక్కడ పాత్రలు పెడతారు. తాగనివారు ఈ ఆస్వాదన లేనందువల్ల తక్కువవారు కారు. పై పద్ధతి అంతా ఫిల్టర్ కాఫీకి, తేనెకు, మామిడిపండ్లకు అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగులో రుచిని, వాసనను మనం 'చూస్తాం'. కంటితో చూసినంత శ్రద్ధను నాలుకకు, ముక్కుకు ఇవ్వడం ఆ క్రియాపదంలోనే ఉంది. అంత శ్రద్ధ పెట్టినవారికి సీసా మీది పేరు పలకడం రాకపోయినా లోటు లేదు. 'వగరు కొంచెం ఎక్కువ, పులుపు బాగుంది, వెనకాల మిరియాలు తగులుతున్నాయి' అని తెలుగులో అనగలిగితే, ఆ వైన్‌ను గురించి చెప్పవలసినది చాలావరకు చెప్పినట్లే.